థాంక్స్‌గివింగ్ టర్కీ: లోపల స్టఫింగ్, పైన బెల్లం గ్లేజ్‌తో ఎలా రోస్ట్ చేయాలి

మొదటిసారి టర్కీ చేయబోతున్న మనవాళ్లు ఎక్కువగా అడిగేది మసాలా గురించే. అల్లం వెల్లుల్లి ఎంత వేయాలి, పెరుగులో నానబెట్టాలా, గరం మసాలా వెయ్యొచ్చా అని. కానీ టర్కీ విషయంలో ముందు చూసుకోవాల్సింది టైమ్. ఆరు కిలోల పైన బరువున్న కోడి గడ్డ కట్టి ఇంటికొస్తుంది. అది కరగడానికే నాలుగు రోజులు కావాలి, ఓవెన్‌లో దాదాపు నాలుగు గంటలు ఉండాలి. ఈ లెక్క ముందే వేసుకుంటే మిగతాదంతా మామూలు వంటే. లెక్క తప్పితే ఎంత మంచి మసాలా పట్టించినా బ్రెస్ట్ ఎండిపోతుంది, తొడ దగ్గర పచ్చిగా మిగులుతుంది.

ఇక్కడ చెప్పేది అమెరికాలో పది పన్నెండు మంది కుటుంబ భోజనానికి సరిపోయే పద్ధతి. 14 పౌండ్ల టర్కీ, లోపల కూరడానికి బ్రెడ్ స్టఫింగ్, పైన పూయడానికి బెల్లం, నారింజ రసం, చింతపండు కలిపిన గ్లేజ్. డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే రాస్తున్నాను, ఇక్కడి ఓవెన్ల మీద ఉండేవి అవే కాబట్టి.

ముందుగా ఏ రోజో ఖాయం చేసుకోండి

అమెరికా వాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ నవంబర్ నాలుగో గురువారం వస్తుంది. 1941లో చట్టం చేసి మరీ ఆ రోజును ఖాయం చేశారు. గురువారం బాబా వారమని మాంసం ముట్టనివాళ్లు మనలో చాలామంది ఉంటారు. కొన్నేళ్లు ఆ రోజు కార్తీకమాసంలో పడుతుంది, 2024లో అలాగే పడింది. అందుకని పిలిచేటప్పుడే అడిగేయండి. సగం మంది తినరని తేలితే టర్కీని ఆదివారానికి జరిపేయడంలో తప్పేమీ లేదు. నేను కింద గురువారం సాయంత్రం ఆరింటికి భోజనం అనుకుని లెక్కలు చెబుతున్నాను. ఆదివారమైతే అన్నిటినీ మూడు రోజుల తర్వాతకి జరుపుకోండి.

ఎముకతో కలిపి మనిషికి ఒక పౌండు లెక్క వేసుకోండి. మర్నాటికి కూడా మిగలాలంటే ఒకటిన్నర. ఇరవై మంది వస్తున్నారని 22 పౌండ్ల కోడిని కొనకండి. రెండు చిన్నవి తీసుకోవడమే నయం. అంత పెద్ద పక్షిలో లోపలి స్టఫింగ్ ఉడికేసరికి పైన బ్రెస్ట్ పీచులా తయారవుతుంది. హలాల్ టర్కీ కావాలంటే మాంసం షాపులో ముందుగానే ఆర్డర్ చెప్పి ఉంచండి, ఆ వారంలో వెళ్తే దొరకడం కష్టం.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఫ్రీజర్లో ఉండే చాలా టర్కీల్లో ఉప్పునీళ్లు ముందే ఎక్కించి ఉంటారు. 'ఇంత శాతం సొల్యూషన్' అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం తయారైన) టర్కీకి కూడా ముందే ఉప్పు పట్టి ఉంటుంది. ఈ రెండు రకాలకీ మీరు మళ్లీ ఉప్పు పట్టించనక్కర్లేదు. లేబుల్ చదవకుండా పట్టిస్తే కోడితో పాటు గ్రేవీ కూడా ఉప్పు కషాయమే.

శనివారం: ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి

ప్రతి 4 నుంచి 5 పౌండ్లకి ఫ్రిజ్‌లో ఒక రోజు పడుతుంది. 14 పౌండ్లకి మూడున్నర రోజులు అనుకోండి. కాబట్టి శనివారం పొద్దున్నే ప్యాకెట్ విప్పకుండా, అంచులున్న పెద్ద ట్రేలో పెట్టి ఫ్రిజ్ అడుగు అరలో ఉంచండి. కరిగేటప్పుడు కారే నీళ్లు కొత్తిమీర మీదో పెరుగు గిన్నెలోనో పడకూడదు. ఆ వారం పాల డబ్బాలు, కూరగాయలు ఎక్కడ సర్దాలో కూడా అప్పుడే ఆలోచించుకోండి.

బుధవారం పొద్దున చూస్తే పొట్టలో ఇంకా ఐస్ ఉందనుకోండి, టెన్షన్ పడక్కర్లేదు. నీళ్లు కారని కవర్లో పెట్టి, సింకులో చన్నీళ్లలో మునిగేలా ఉంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. పూర్తిగా గడ్డ కట్టిన కోడికైతే ఈ పద్ధతిలో పౌండుకి అరగంట పడుతుంది, అంటే 14 పౌండ్లకి ఏడు గంటలు. అలా మొత్తం నీళ్లలోనే కరిగించినదాన్ని వెంటనే వండేయాలి. కిచెన్ గట్టు మీద రాత్రంతా వదిలేయడం మాత్రం వద్దు. లోపల గడ్డగా ఉండగానే పైభాగంలో బ్యాక్టీరియా పెరగడం మొదలవుతుంది.

బుధవారం: ఉప్పు, బ్రెడ్, స్టాక్

మనింట్లో చికెన్ తెస్తే పసుపు, ఉప్పు, నిమ్మకాయ వేసి మూడు నాలుగు నీళ్లు కడగడం అలవాటు. టర్కీని కడగకండి. అమెరికా వ్యవసాయ శాఖ కూడా వద్దనే చెబుతుంది. అంత పెద్ద కోడిని కుళాయి కింద పెడితే నీళ్లు సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీద చిందుతాయి, బ్యాక్టీరియా వాటితో పాటే పాకుతుంది. కడిగినా అది పోదు, వేడికే చస్తుంది. పేపర్ టవల్స్‌తో లోపలా బయటా గట్టిగా అద్ది తడి లేకుండా తుడిస్తే చాలు.

తుడిచే ముందు లోపల చెయ్యి పెట్టి వెతకండి. పొట్టలో మెడ ముక్క ఉంటుంది. కందనకాయ, గుండె, కార్జం ఉన్న చిన్న సంచీ చాలాసార్లు మెడ వైపు చర్మం కింద దాగి ఉంటుంది. రెండు వైపులా చూడాలి.

ఇక ఉప్పు. 5 పౌండ్లకి ఒక టేబుల్ స్పూను కోషర్ ఉప్పు (పలుకులుగా ఉండే ఉప్పు) లెక్కన దీనికి దాదాపు మూడు స్పూన్లు. మామూలు సన్న ఉప్పయితే అందులో సగం. మెడ వైపు నుంచి వేళ్లు పోనిచ్చి బ్రెస్ట్ మీద చర్మాన్ని మెల్లగా వదులు చేయండి. గోళ్లు తగలకుండా, వేళ్ల వెనకవైపుతో తోస్తూ పోతే చిరగదు. మధ్యలో ఎముక దగ్గర సన్నటి పొర అడ్డొస్తుంది, దాన్ని అటూ ఇటూ కదిపితే వదులుతుంది. ఉప్పులో ముప్పాతిక వంతు చర్మం కింద బ్రెస్ట్‌కి, తొడలకి పట్టించి, మిగిలింది పైన చల్లండి. పొట్టలో వేయకండి, స్టఫింగ్‌లో ఉప్పు వేరే ఉంటుంది. తర్వాత మూత, కవరు ఏమీ లేకుండా ఫ్రిజ్‌లో మర్నాటి దాకా ఉంచండి. ఉప్పు మొదట నీళ్లు లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీళ్లే కండలోకి ఇంకుతాయి. గురువారం పొద్దున చూస్తే చర్మం తడి ఆరి బిగుసుకుని ఉంటుంది. రంగు బాగా వచ్చేది అలా ఆరిన చర్మానికే.

మసాలా పట్టించి రాత్రంతా ఉంచితే లోపలికి దిగుతుందని మనకో నమ్మకం. ఉప్పు దిగుతుంది కానీ ధనియాలు, గరం మసాలా అంత మందమైన కండలోకి దిగవు, పైనే ఉండిపోతాయి. నాలుగు గంటల వేడికి మాడి గ్రేవీని చేదు చేస్తాయి. ఘాటంతా గ్లేజ్‌లోకి, గ్రేవీలోకి, పక్కన పెట్టే పచ్చళ్లలోకి తెచ్చుకోవచ్చు. నవంబర్లో తాజా క్రాన్‌బెర్రీలు వస్తాయి కదా, వాటితో ఆవపొడి, ఎండుమిర్చి వేసి చేసిన పచ్చడి టర్కీ పక్కన అద్భుతంగా ఉంటుంది.

అదే రోజు ఒక పౌండు గట్టి బ్రెడ్‌ని ముప్పావు అంగుళం ముక్కలుగా కోసి, 250 డిగ్రీల ఓవెన్‌లో ముక్క పెళుసుగా ఆరేదాకా, సుమారు ముప్పావుగంట ఉంచండి. మెత్తటి బ్రెడ్ అలాగే వాడితే స్టఫింగ్ ముద్దవుతుంది. మరో పక్క మెడ, కందనకాయ, గుండెలో ఉల్లిపాయ, క్యారెట్, నాలుగు మిరియాలు వేసి, రెండు లీటర్ల నీళ్లు పోసి, సన్న సెగ మీద గంటన్నర కాయండి. స్టఫింగ్‌కి, గ్రేవీకి వాడే స్టాక్ ఇదే. కార్జం వేయకండి, స్టాక్ చేదెక్కుతుంది. దాన్ని వేరే వేయించుకుని తినండి.

ఓవెన్‌లో దాచిన మూకుళ్లు, పెనాలు, ప్రెషర్ కుక్కర్లు కూడా బుధవారమే ఖాళీ చేయండి. కింది అరలో రాక్ పెట్టి, రోస్టింగ్ పాన్‌తో సహా టర్కీ పడుతుందో లేదో ఖాళీ ఓవెన్‌లోనే కొలిచి చూసుకోండి.

గురువారం పన్నెండింటికి: స్టఫింగ్

పెద్ద మూకుట్లో ఒక స్టిక్ (అరకప్పు) వెన్న కరిగించి, రెండు పెద్ద ఉల్లిపాయలు, నాలుగు సెలరీ కాడలు సన్నగా తరిగి, మెత్తబడేదాకా మగ్గించండి. ఎర్రగా వేగనక్కర్లేదు. అందులో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిర్చి, టేబుల్ స్పూను తరిగిన సేజ్ ఆకు, కొంచెం థైమ్, ఒక స్పూను దంచిన మిరియాలు, సరిపడా ఉప్పు. సేజ్ వాసన మనకి కొత్తే, అయినా తీసేయకండి. ఈ పండగ వంటకి ఉండే వాసనలో సగం దానిదే. ఒక గుప్పెడు వేయించిన జీడిపప్పు వేస్తే పిల్లలు అడిగి మరీ పెట్టించుకుంటారు.

దీన్ని ఎండిన బ్రెడ్ ముక్కల్లో కలిపి, టర్కీ ముట్టుకోకముందే, స్టాక్ పోయకముందే శాకాహారులకి కావాల్సినంత వేరే గిన్నెలోకి తీసి పెట్టండి. దానికి కూరగాయల స్టాక్ పోసి, టర్కీ ఓవెన్‌లోంచి బయటికి వచ్చాక 350 డిగ్రీల్లో బేక్ చేసుకోవచ్చు. గరిటె, గిన్నె అన్నీ వేరేగా పెట్టండి. టర్కీ పొట్టలోంచి తీసిన స్టఫింగ్ శాకాహారం కాదని ఇంట్లో పిల్లలకి కూడా చెప్పి ఉంచాలి.

మిగిలినదాంట్లో రెండు కప్పుల వేడి స్టాక్ కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. కోడిలో నింపడానికి సరిగ్గా ముందే తడపాలి. ముందురోజు రాత్రే తడిపి పొట్టలో కూరి ఫ్రిజ్‌లో పెడితే ప్రమాదం. మధ్యలో చల్లబడటానికీ మళ్లీ వేడెక్కడానికీ గంటలు పట్టి, ఆ లోపు పాడవుతుంది.

పౌండుకి ముప్పావు కప్పు మించకుండా, వదులుగా నింపండి. గట్టిగా కుక్కితే మధ్యలో ఉడకదు, పైగా బ్రెడ్ రసం పీల్చుకుని ఉబ్బడానికి చోటుండదు. మెడ వైపు ఖాళీలో కూడా కొంచెం పెట్టి చర్మం కప్పేయండి. కాళ్లు రెండూ వంటకి వాడే నూలుదారంతో కట్టి, రెక్కల కొసలు వీపు కిందకి మడవండి.

ఒంటిగంటకి ఓవెన్‌లోకి

ఓవెన్ 325 డిగ్రీలు, అంతకంటే తక్కువ వద్దు. పాన్ అడుగున రెండు ఉల్లిపాయలు, క్యారెట్లు పెద్ద ముక్కలుగా వేసి రెండు కప్పుల నీళ్లు పోయండి, కారే కొవ్వు మాడకుండా ఉంటుంది. దాని మీద పాన్‌లో పెట్టే రాక్, ఆ రాక్ మీద టర్కీ, బ్రెస్ట్ పైకి ఉండేలా. అరకప్పు మెత్తటి వెన్నలో తురిమిన వెల్లుల్లి, మిరియాలపొడి, నిమ్మతొక్కు తురుము కలిపి సగం చర్మం కింద, సగం పైన రాయండి. ఇందులో ఉప్పు లేని వెన్నే వాడాలి. పల్చటి అల్యూమినియం ట్రే వాడుతుంటే కింద బేకింగ్ షీటు తప్పనిసరి. వేడి కొవ్వుతో, అంత బరువుతో ఆ ట్రే మధ్యలో వంగిపోతుంది, చేతులు కాలతాయి.

స్టఫింగ్ ఉన్న 12 నుంచి 14 పౌండ్ల టర్కీకి 325 దగ్గర మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. 14 నుంచి 18 పౌండ్లదైతే నాలుగు నుంచి నాలుగుంపావు. స్టఫింగ్ లేకపోతే అరగంట దాకా తగ్గుతుంది. ఇది అంచనాకే, నిర్ణయం మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్‌దే. గంటన్నర తర్వాత బ్రెస్ట్ మీద బంగారు రంగు వస్తే అక్కడ మాత్రం ఫాయిల్ వదులుగా కప్పండి. అరగంటకోసారి తలుపు తీసి రసం పోయాలని చాలామంది చెబుతారు. నేనైతే వద్దంటాను. తీసిన ప్రతిసారీ వేడి పోతుంది, ఆరిన చర్మం మళ్లీ తడుస్తుంది, లోపలికి ఆ రసం ఇంకదు.

గ్లేజ్

టర్కీ లోపల ఉండగానే గ్లేజ్ కాచుకోండి. అరకప్పు తురిమిన బెల్లాన్ని పావుకప్పు నీళ్లలో కరిగించి వడకట్టండి, ఇసుక ఉంటే అక్కడే ఆగిపోతుంది. అందులో ఒక కప్పు నారింజ రసం, రెండు టేబుల్ స్పూన్ల చిక్కటి చింతపండు గుజ్జు, స్పూను దంచిన మిరియాలు, అర స్పూను ఎండుమిర్చి పలుకులు వేసి, మధ్యస్థంగా ఉన్న సెగ మీద మరిగించండి. మొదట పెద్ద బుడగలతో పొంగుతుంది, పది పన్నెండు నిమిషాలకి బుడగలు చిన్నవై నెమ్మదిస్తాయి. అప్పుడు గరిటె ముంచి తీసి, వెనకవైపు వేలితో గీత గీయండి. గీత కలిసిపోకుండా నిలిస్తే దించేయాలి. లేతపాకమే కావాలి. తీగపాకం దాకా పోనిస్తే కుంచెకి అంటుకుని చర్మాన్ని లాగేస్తుంది, చల్లారాక గట్టిపడుతుంది. దించాక రెండు స్పూన్ల వెన్న కలపండి. మరీ నల్లబెల్లం వాడితే రుచి బాగానే ఉన్నా టర్కీ మాడినట్టు కనిపిస్తుంది, పసుపు రంగు బెల్లమే మేలు.

గ్లేజ్‌ని రెండు గిన్నెల్లో పోసుకోండి. ఒకటి పూయడానికి, ఇంకోటి భోజనంలో వడ్డించడానికి. ఉడకని కోడికి తగిలిన కుంచె రెండోదాంట్లో ముంచకూడదు.

ఎప్పుడు పూయాలన్నదే అసలు విషయం. తీపి ఏదైనా త్వరగా మాడుతుంది, మొదట్లోనే పూస్తే నాలుగింటికల్లా నల్లగా బొగ్గవుతుంది. మూడున్నరకి తొడలో థర్మామీటర్ గుచ్చి చూడండి. 145, 150 మధ్య ఉంటే ఫాయిల్ తీసి మొదటి పూత పూయండి. అక్కణ్నుంచి పావుగంటకోసారి మరో రెండు పూతలు. ప్రతి పూతా పల్చగానే ఉండాలి. మొదటిదానికి చర్మం తడిగా మెరుస్తుందంతే. మూడోదానికి ఎర్రటి గోధుమ రంగు పట్టి, రెక్కల దగ్గర అక్కడక్కడా ముదురు మచ్చలు వస్తాయి, అంతవరకు ఫరవాలేదు. అంతకు మించి నల్లబడుతుంటే ఫాయిల్ కప్పండి, చర్మానికి ఆనకుండా గొడుగులా.

165

మూడు చోట్ల కొలవాలి: బ్రెస్ట్‌లో బాగా మందంగా ఉన్నచోట, తొడ ఒంటికి కలిసేచోట లోపలివైపు, స్టఫింగ్ నడిమధ్యలో. మూడూ 165 డిగ్రీలు దాటాలి. థర్మామీటర్ కొనకి ఎముక తగిలితే అంకె తప్పు చూపిస్తుంది, కొంచెం వెనక్కి లాగి మళ్లీ చూడండి. కొన్ని టర్కీలకి గుచ్చి ఉండే ప్లాస్టిక్ పాప్-అప్ టైమర్‌ని నమ్ముకోకండి, అది ఒక్కచోటే చెబుతుంది, స్టఫింగ్ సంగతి దానికి తెలీదు. రసం తేటగా వస్తే ఉడికినట్టే అనే మాట కూడా థర్మామీటర్‌కి సాటి రాదు.

మాంసం 165 దాటింది, స్టఫింగ్ 150 దగ్గరే ఆగిపోయింది అనుకోండి. ఇలా తరచూ జరుగుతుంది. స్టఫింగ్‌ని బేకింగ్ గిన్నెలోకి తోడి, టర్కీని బయట పెట్టి, గిన్నెని మాత్రం ఓవెన్‌లో 165 వచ్చేదాకా ఉంచండి. పచ్చి కోడి రసం అందులోకి దిగి ఉంటుంది కాబట్టి ఇక్కడ రాజీ పడొద్దు.

బయటికి తీశాక ఫాయిల్ వదులుగా కప్పి అరగంట కదపకండి. వెంటనే కోస్తే రసమంతా పలక మీదకే పోతుంది. ఈ అరగంటలోనే గ్రేవీ అయిపోతుంది. పాన్‌లోని రసం వడకట్టి, పైన తేలిన కొవ్వు నాలుగు స్పూన్లు మూకుట్లో వేసి, నాలుగు స్పూన్ల మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, ఆ రసం, మిగిలిన స్టాక్ కలిపి మూడు నాలుగు కప్పులు నెమ్మదిగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపండి. ఉప్పు రుచి చూశాకే.

కోసేటప్పుడు ముందు స్టఫింగ్ మొత్తం తోడేయండి. కాలిని పక్కకి లాగితే కీలు కనిపిస్తుంది, అక్కడ కత్తి పెట్టి తొడతో సహా విడదీయండి. తర్వాత రెక్కలు. బ్రెస్ట్‌ని కోడి మీదే పల్చగా చెక్కకండి. మధ్య ఎముకని ఆనుకుని కత్తి దింపి ఒక్కో వైపు మొత్తం ఊడదీసి, పలక మీద అడ్డంగా అరంగుళం ముక్కలు కోయండి. అప్పుడు ప్రతి ముక్కకీ గ్లేజ్ పట్టిన చర్మం వస్తుంది, పీచు కూడా పొట్టిగా తెగి మెత్తగా తగులుతుంది.

మిగిలినవి

ఓవెన్‌లోంచి తీసిన రెండు గంటల్లోపు మాంసం, స్టఫింగ్ వేర్వేరు లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌కి వెళ్లాలి. కబుర్లలో పడితే మర్చిపోతాం, ఫోన్లో అలారం పెట్టుకోండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటాయి, మళ్లీ వేడి చేసినప్పుడూ 165 రావాలి.

తొడ మాంసం పీచుగా విడదీసి, నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు, మిరియాలపొడితో పెద్ద సెగ మీద ఐదు నిమిషాలు వేపుడు చేస్తే పప్పుచారులోకి భలే ఉంటుంది. బ్రెస్ట్‌ని మాత్రం మళ్లీ వేయించకండి, ఎండిపోతుంది. పులావు దించే ముందు అన్నం మీద పరిచి మూతపెట్టి, ముక్క లోపలి దాకా పొగలొచ్చేలా దమ్ము మీద ఉంచండి. ఎముకల గూడుని రెండు ముక్కలు చేసి కుక్కర్లో గంటసేపు ఉడికిస్తే చిక్కటి స్టాక్ వస్తుంది. వడకట్టి, చల్లార్చి, మిరియాల చారుకి సరిపడా కప్పు కప్పు చొప్పున డబ్బాల్లో పోసి, తేదీ రాసి ఫ్రీజర్లో పెట్టుకోండి.